ఒక దయ్యము, నాలుగు దీపములు



కిందటి సంవత్సరము మన పాఠశాలలో జరిగిన తలిదండ్రుల సమావేశమున ఒక పెద్దమనిషి లేచి నన్నొక ప్రశ్న అడిగిరి. "అయ్యవారూ! మావాడు వేసవి సెలవులలో బెంగుళూరులోని మేనమామ యింటికి పోయి, దయ్యమును వేటాడు ఆట యొకటి నేర్చుకొని వచ్చినాడు. నలుగురు చేరి ఒక్కనిని తరుముదురట. అది యేమి ఆట? అందులో న్యాయమెక్కడిది?" సభలోనివారు నవ్విరి. ఆయన నవ్వలేదు. నేనును నవ్వలేదు, ఏలయన ఆ క్షణమున నాకు సమాధానము తోచలేదు. ఆనాడు చెప్పలేకపోయిన దానిని ఈనాడు పాఠముగా వ్రాయుచున్నాను. మీతోపాటు మీ పెద్దలును చదువుదురని నా ఆశ.

ముందుగా దయ్యము సంగతి తేల్చుకొందము. దయ్యములు కలవా లేవా యను చర్చ ఈ పాఠమునకు అక్కరలేదు. ఈ ఆటలో దయ్యమనునది ఒక వేషము మాత్రమే. దానిని ధరించిన పిల్లవాడు మిగిలిన నలుగురి సరసనే, అదే చాపమీద, అదే వేరుసెనగకాయలు తినుచు కూర్చుండును. కావున దయ్యమును వదలి, ఆ పెద్దమనిషి ప్రశ్నలోని రెండవ భాగమును పట్టుకొందము. నలుగురికి ఒక్కడు ఎదురుగా నిలుచు ఆట న్యాయమైనది కాగలదా?

మన మెరిగిన ఆటలలో పెక్కు సమపక్షములు గలవి. చదరంగమున ఇరువైపుల పదునారేసి బలములు. క్రికెట్టున పదునొకండుగురేసి ఆటగాండ్రు. చదరంగమున తెల్లవారు మొదట కదుపుదురు గదా యని తెలివిగలవారు అడుగవచ్చును. నిజమే, అది చిన్న అసమానత; అందుచేతనే రంగులు మార్చుకొని ఆడుదురు. కబడ్డీని చూడుడు. రెండు జట్లలోను ఏడుగురేసి యుందురు. కాని కూతకు పోయినవాడు గీత దాటిన క్షణమున ఒక్కడై ఏడుగురికి ఎదురుపడును. ఆ ముప్పది సెకండ్లును అది సమానమైన పోరు కానే కాదు. అయినను దానిని అన్యాయమని ఎవ్వరు ననరు. వానికి తాకినంత మాత్రమున ఔటు చేయు శక్తి కలదు. వారికి చేతులు కలిపి పట్టుకొను శక్తి కలదు. మరుక్షణమున వంతు మారును. అనగా అసమానమైన పోరు మనకు కొత్తది కాదు. కబడ్డీలో అది వంతులవారీగా వచ్చి పోవుచుండుటచే మనము గమనింపము.

వంతులు మారకయే, మొదటినుండి చివరివరకు ఇరుపక్షములు వేరువేరుగా నుండు ఆటయు మన యిండ్లలో కలదు. మనము పులిజూదమనియు, పులిమేక యనియు పిలుచుదుము. ఈ హోసూరు ప్రాంతమున మన పొరుగు తమిళులు ఆడుపులి ఆట్టమనియు, కన్నడిగులు ఆడుహులి ఆట యనియు అందురు. పాత గుడి మండపములలో బండలపై చెక్కిన త్రికోణపు గీతలను మీరు చూచియుందురు. దర్శనమునకు వచ్చి, ఎండ చల్లారువరకు కూర్చున్నవారి ఆటస్థలములవి. ఇరువదిమూడు కూడళ్లు, మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకమీదుగా దుమికి చంపును. మేకకు చంపు శక్తి లేదు. అన్నియు గుమిగూడి పులికి దారి లేకుండ కట్టివేయవలెను. మేకలవాడు తన పదునైదింటిని ఒకటొకటిగా దింపునంతవరకు దింపినవానిని కదుపరాదు. ఆలోగా పులులు తిరుగుచునే యుండును. మూడింటికి పదునైదు! అయినను తొలిసారి ఆడినవాడు పులినే కోరును. నాలుగు ఆటలైన పిదప వానికి మేకలమీద గౌరవము కలుగును.

సమానత వేరు, సమతూకము వేరు. తక్కెడలో ఒకవైపు బెల్లపు దిమ్మ, మరొకవైపు ఇనుప గుండు పెట్టుదురు. అవి రెండును ఒకటి కావు. ఒకటి తీపి, ఒకటి తినరానిది. అయినను ముల్లు నడుమ నిలుచును. అసమపక్షముల ఆటను కల్పించువాని పని ఆ ముల్లును నడుమ నిలుపుట.

ఇక దయ్యపు ఆటకు వత్తము. ఆ పిల్లవాడు ఆడి వచ్చినది ఏదో నేను విచారించితిని. దాని పేరు లూయిజీస్ ఘోస్ట్ మ్యాన్షన్; అనగా లూయిజీ దయ్యపు భవనము. జపానులోని క్యోటో నగరమున 1889లో పేకముక్కలు తయారుచేయుటకు పుట్టిన నింటెండో అను సంస్థ, 2012లో వీయూ అను ఆటయంత్రమును వెలువరించినది. ఆ యంత్రముతోపాటు వచ్చిన నింటెండో ల్యాండ్ అను సంపుటములో పండ్రెండు ఆటలు కలవు. వానిలో నిది యొకటి. 2017లో ఆ యంత్రమును తయారుచేయుట మానివేసిరి. ఇప్పుడది పాతసామాను అంగళ్లలోను, దాచుకొన్నవారి యిండ్లలోను మాత్రమే దొరకును. మేనమామగారు దాచుకొన్నవారై యుందురు.

వీయూ యంత్రము విశేష మేమనగా, దానికి రెండు తెరలు కలవు. ఒకటి అందరు చూచు టెలివిజను. రెండవది చేతిలో పట్టుకొను పలకవంటి పరికరములోని చిన్న తెర. దానిని గేమ్‌ప్యాడ్ అందురు. దానిని పట్టినవానికే దానిలోని బొమ్మ కనబడును. రాత్రివేళ బడిపిల్లలు పలక అడ్డుపెట్టుకొని లెక్క చేసినట్లు, ఒకడు తన తెరను తనవైపు త్రిప్పుకొని కూర్చుండును. వాడే దయ్యము.

టెలివిజను తెరపై చీకటి భవనము పైనుండి చూచినట్లు కనబడును; గదులు, నడవలు, గోడలు. అందులో నలుగురు వేటగాండ్రు టార్చిదీపములు పట్టుకొని తిరుగుదురు. దయ్యము మాత్రము ఆ తెరపై కనబడదు. గేమ్‌ప్యాడ్ తెరపై వేటగాండ్రును కనబడుదురు, దయ్యమును కనబడును. అనగా దయ్యమునకు సర్వము తెలియును. వేటగాండ్రకు తమ స్థానము మాత్రమే తెలియును. ఇంతవరకు వినిన మీరు, "పాపము, వేటగాండ్రకే అన్యాయము" అందురు. తక్కినది వినుడు.

దయ్యము సర్వమును చూచునే గాని వెలుతురును ఓర్వలేదు. దీపపు కాంతి తగిలిన కొలది దాని బలము క్షీణించును. బలము పూర్తిగ పోయిన ఆట ముగిసినట్లే. కావున అది వెనుకనుండి వచ్చి వేటగానిని పట్టుకొనవలెను. పట్టువడినవాడు మూర్ఛపోవును. కాని తోడివాడు వచ్చి అతనిపై దీపము ప్రసరింపజేసిన అతడు మరల లేచును. ఇది నాకు మిక్కిలి నచ్చిన నియమము. వేటగాడు తన దీపమును మిత్రునిపై నిలిపినంతసేపు తన వీపు చీకటికి అప్పగించినవాడగును. పోనీ నలుగురు దీపములు వెలిగించుకొని గుండ్రముగా వీపులు కలిపి నిలిచిన చాలదా యందురేమో. ఆటను కల్పించినవారు అదియు తలపోసిరి. దీపములలోని బ్యాటరీ తరిగిపోవుచుండును. కొత్త బ్యాటరీలు భవనములో అక్కడక్కడ పడియుండును. వానికై గుంపు విడిపోక తప్పదు.

వేటగాండ్రకు దయ్యము జాడ తెలియుట యెట్లు? రెండు దారులు కలవు. నడుమ నడుమ మెరుపు మెరిసినపుడు దయ్యము రెప్పపాటు కాలము టెలివిజనుపై కనబడును. రెండవది, దయ్యము సమీపించినపుడు వేటగాని చేతిలోని మీటల కడ్డీ అదురును. ఆ కడ్డీలో చిన్న మోటారు కలదు. దాని ఇరుసునకు ఒకవైపు మాత్రమే బరువు తగిలించియుందురు. ఒక రెక్క వంగిన పంకా తిరుగునపుడు ఎట్లు కదలాడునో చూచియుందురు గదా, ఆ సూత్రమే. బరువు నడుమ లేకుండుటచే తిరిగినపుడెల్ల కడ్డీ అదురును. కొన్ని సెల్‌ఫోనులు మ్రోగక అదురుటయు ఈ విధముననే.

ఇచ్చట పాఠమునకు ముఖ్యమైన సంగతి కలదు. ఆ అదురు ఎవని చేతిలో కలిగినదో వానికే తెలియును. తెరపై ఏ గుర్తును రాదు. కావున వాడు నోరు విప్పి, "నాకు అదిరినది" అని చెప్పవలెను. చెప్పకున్న ఆ వార్త వాని అరచేతిలోనే చచ్చును. చెప్పిన, దయ్యమును వినును. ఐదుగురును ఒకే గదిలో నున్నారు గదా! వేటగాండ్ర బలము వారి మాట. ఆ మాట శత్రువు చెవిని పడకుండ పలుకుట సాధ్యము కాదు. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. చివర దీనితో పని కలదు.

ఈ రెండు తెరల తలపు 2012లో ఒక్కసారిగా పుట్టినది కాదు. అదే సంస్థకు చెందిన షిగెరు మియమొతో 2003లో పాక్-మ్యాన్ వర్సస్ అను ఆటను రూపొందించిరి. 1980లో జపానులో పుట్టిన పాక్-మ్యాన్ ఆటలో ఒక పసుపు గుండ్రని జీవి దారుల చిక్కులో చుక్కలను తినుచు పరుగెత్తును; నాలుగు దయ్యములు తరుమును. ఆ దయ్యములను యంత్రమే నడుపును. 2003 నాటి ఆటలో దయ్యములనును మనుష్యులే నడుపుదురు. పారిపోవువానికి చేతిలోని చిన్న తెరలో దారులన్నియు కనబడును. తరుమువారు ముగ్గురికి టెలివిజనులో తమ చుట్టుపట్టుల మాత్రమే కనబడును. పట్టుకొన్నవాడు మరుసటి ఆటలో పారిపోవువాడగును. కబడ్డీలో వంతు మారినట్లే యిదియు.

యంత్రమే అక్కరలేని దృష్టాంతమును కలదు. 1983లో జర్మనీలో ఆ యేటి ఉత్తమక్రీడగా బహుమానము పొందిన స్కాట్లండ్ యార్డ్ అను పటపు ఆటలో, ఒక దొంగ లండను నగర పటముపై కనబడకుండ తిరుగును, గూఢచారులు వెదకుదురు. దొంగ తాను ఎక్కిన వాహనము ఏదో మాత్రము తెలుపును. 3, 8, 13, 18వ ఎత్తులలో తానున్న చోటు చూపితీరవలెను. దయ్యపు భవనములోని మెరుపునకు ఇది అన్నగారు.

ఇవి చదివిన పిదప, యంత్రము లేకున్ననేమి, మనమును కాగితముపై దయ్యపు భవనము కట్టుకొందమని తోచినది. శనివారపు మధ్యాహ్నములలో ఎనిమిది, తొమ్మిది తరగతులవారితో ఆడించితిని. మీరును ఇంట ఆడుకొనవచ్చును. గళ్లకాగితముపై తొమ్మిది నిలువు వరుసలు, తొమ్మిది అడ్డు వరుసలు గీయుడు. మొత్తము 81 గడులు. వేటగాండ్రకు నాలుగు గింజలు. దయ్యపువాడు మరొక కాగితమును పుస్తకము చాటున దాచుకొని, తానున్న గడిని అందులో గుర్తించుచుండును. ఒక్కొక్క ఎత్తునకు అందరు ఒక్కొక్క గడి కదలవలెను, మూలగా పోరాదు. వేటగాడు తాను తిరిగియున్న వైపు వరుసగా మూడు గడులు వెలిగించును. ఆ వెలుతురు మూడుసార్లు తగిలిన దయ్యము ఓడును. దయ్యము ముందునుండి కాక వెనుకనుండి గాని ప్రక్కనుండి గాని వేటగాని గడిలో కాలిడిన వేటగాడు పడిపోవును. పక్క గడికి వచ్చిన మిత్రుడు తన ఎత్తొకటి వదలుకొని లేపవలెను. ప్రతి ఆరవ ఎత్తునకు మెరుపు. అప్పుడు దయ్యము తన గడి చెప్పవలెను. మధ్యవర్తి దయ్యపువాని కాగితము చూచుచు, దయ్యమునకు మూడడుగులలోపు ఉన్న వేటగాని భుజమును చడి కాకుండ తట్టును. అదియే అదురు.

ఇప్పుడు లెక్క. గడిని చెప్పునపుడు మొదట నిలువు వరుస సంఖ్యను, పిదప అడ్డు వరుస సంఖ్యను చెప్పుదము. రాముడను వేటగాడు (4,5) గడిలో నున్నాడు. వాని భుజము తట్టితిని. దయ్యము ఎన్ని గడులలో నుండవచ్చును? వాడున్న గడి ఒకటి. ఒక్క అడుగు దూరమున నాలుగు. రెండడుగుల దూరమున ఎనిమిది. మూడడుగుల దూరమున పండ్రెండు. మొత్తము 25. గీసి చూచిన అవి వజ్రపు బిళ్ల ఆకారమున నుండును. 81 నుండి 25కు తగ్గినది. మేలే గాని, 25 గడులను ఒక్క దీపము వెదకజాలదు.

అదే క్షణమున (8,5)లో నున్న సీత కూడ, "నాకును అదిరినది" అనెను. దయ్యము ఇద్దరి బిళ్లలలోను ఉండితీరవలెను. రెండు బిళ్లలు ఎక్కడ కలియునో గీయుడు. (5,5), (6,5), (7,5), (6,4), (6,6). ఐదే గడులు! ఇరువదియైదు ఐదైనది. ఇక (6,2)లో నున్న మూడవవాడు ఏమనవలెను? వాని భుజము నేను తట్టలేదు. చాలమంది పిల్లలు, అదరనివాడు చెప్పవలసిన దేమియు లేదని ఊరకుందురు. అది పొరపాటు. వానికి అదిరియుండిన దయ్యము (6,4)లోనో (6,5)లోనో ఉండవలెను. అదరలేదు గనుక ఆ రెండును పోయి మూడే మిగిలినవి. అదరకపోవుటయు ఒక వార్తయే. "నాకేమియు లేదు" అని గట్టిగా చెప్పు వేటగాడు మా ఆటలో అందరికంటె విలువైనవాడని పిల్లలు మూడవ శనివారమునకు గాని గ్రహింపలేదు.

మరొక చమత్కారము. అదురు దూరమును మూడునుండి నాలుగు అడుగులకు పెంచిన వేటగాండ్రకు మేలా, కీడా? పెంచిన 25 గడులకు బదులు 41 గడులు లెక్కకు వచ్చును. వెదకవలసిన చోటు పెరిగినది గనుక కీడని మొదట తోచును. కాని నట్టనడుమ (5,5)లో నిలిచినవానిని తలచుకొనుడు. అదిరిన 41 గడులు మిగులును. అదరకున్న 40 మిగులును. ఏది జరిగినను సగము భవనము తేలిపోయినది. దూరము మూడైనపుడు అదిరిన 25 గడులు మిగులును గాని, అదరనపుడు 56 మిగులును. అదరకుండుటయే ఎక్కువసార్లు జరుగును. ఇక దూరమును ఎనిమిదికి పెంచిన, నడుమ నున్నవానికి దయ్యము ఏ మూలనున్నను అదురుచునే యుండును. ఆ అదురు వానికి ఏమియు చెప్పదు. నా మాట నమ్మక గీసి చూడుడు.

ముల్లును నడుమ నిలుపుట ఎంత కష్టమో అప్పుడు మాకు తెలిసినది. దూరము నాలుగు చేసిన దయ్యములు వరుసగా ఓడెను. రెండు చేసిన వేటగాండ్రు విసిగిరి. మూడే ఉంచి మెరుపును ఎనిమిదవ ఎత్తునకు జరిపిన కొంత కుదిరెను. ఒకేసారి రెండు నియమములు మార్చరాదని కూడ నేర్చుకొంటిమి. మార్చిన దేనివలన ఏమి జరిగినదో తెలియదు. సైన్సు ప్రయోగశాలలో మీరు ఉప్పును వేడిని ఒకేసారి మార్చి నాచేత చీవాట్లు తిన్నది దీనికే.

కాలమునుబట్టి ముల్లు తిరుగు ఆటలును కలవు. మిడ్‌నైట్ ఘోస్ట్ హంట్, అనగా అర్ధరాత్రి దయ్యపు వేట అను ఆట 2022లో పరీక్షారూపమున, 2024లో పూర్తిరూపమున వెలువడినది. దీనిని కంప్యూటరుపై ఎవరి యింటినుండి వారు ఆడుదురు. నలుగురు వేటగాండ్రు, నలుగురు దయ్యములు. లెక్క సమానమే, బలము కాదు. దయ్యములు కుర్చీలలోను, కుండలలోను, ఇతర సామానులలోను దూరి కదలక కూర్చుండును. వేటగాండ్రు పరికరములతో వెదకుదురు. ఈ కుర్చీ కుర్చీయేనా? అదియే అందలి ఉత్కంఠ. గడియారము పండ్రెండు కొట్టినంతనే చిక్కక మిగిలిన దయ్యములకు మహాబలము కలుగును. అంతవరకు వేటాడినవారు ప్రాణములు దక్కించుకొనుటకు పరుగెత్తుదురు. నేను దీనిని చూచితినే గాని ఆడలేదు. ఆ అరుపులు, విరుగు సామానులు నా వయస్సునకు ఎక్కువ. చిన్నపిల్లలకు మొదటి ఆటయే తగును. ఒకే గదిలో కూర్చుండి ఆడుటయు ఒక కారణము.

ఇక నేను జ్ఞాపకముంచుకొనుమన్న సంగతి. మన ప్రక్కనున్న తమిళమాధ్యమపు విభాగమునుండి ఎనిమిదవ తరగతి బాలిక యొకతె మా ఆట చూచి, తానును వత్తునని వచ్చెను. మంచి చురుకైన పిల్ల. తొలి ఆటలోనే ఆమెకు దయ్యపు వేషము వచ్చెను. వేటగాండ్రు నలుగురును మన తెలుగు పిల్లలు. అలవాటు ప్రకారము, "నాకు అదిరింది", "నువ్వు ఎడమకు రా", "నా వెనుక చూడు" అని తెలుగున అరచుకొనిరి. ఆమె ఓడెను. రెండవసారియు ఓడెను. అప్పుడామె తన కాగితము బోర్లించి, నావైపు తిరిగి తమిళమున నిట్లనెను. "సార్, దయ్యము చూడగలదు, వినగలదు అని మీరే చెప్పితిరి. వీరు నా చెవులు తీసివేసిరి."

తరగతి యంతయు ఒక్క నిమిషము నిశ్శబ్దమయ్యెను. తరువాత వాదము చెలరేగెను. ఒకడు, "పులికి మేకల భాష తెలియునా అయ్యవారూ? మాకు రెండు భాషలు వచ్చుట మా తప్పా?" అనెను. మాట నిజమే. ఈ సీమలో మన పిల్లలు ఇంట తెలుగు, వీథిలో తమిళము, పొరుగింట కన్నడము వినుచు పెరుగుదురు. పక్కవారి మాట మనకు తెలియును, మన మాట పక్కవారికి తెలియదు. దయ్యపు తెర వంటిదే ఇది. ఒకరికి రెండు వైపులు కనబడును, ఒకరికి ఒకటే. నలుగురిలో ఎప్పుడును తక్కువ సంఖ్యలో నుండు మనవారికి ఇట్టి చిన్న పైచేయి దొరకుట అరుదు. దానిని వదలుకొనుమని చెప్పుటకు నాకు నోరు రాలేదు.

అంతలో సీత లేచెను. ఆమె ఊరు కొండక్రింది చిన్న పల్లె. ఇంట తెలుగు తప్ప మరొకటి వినకుండ బడికి వచ్చిన పిల్ల. "నేను ఒకటవ తరగతిలో తమిళ పాఠము వినునప్పుడు నాకును చెవులు లేనట్లే యుండెను. అయ్యవారు అడిగినది తెలియక లేచి నిలుచుండెడిదానను, అందరు నవ్వెడివారు" అనెను. పులికి భాష తెలియునా యన్నవాడు కూర్చుండెను.

ఒక ఆట అందరు తమిళముననే ఆడిరి. తొందరలో మాట తడబడి, వెదకి తెచ్చుకొనులోపల దయ్యము రెండు గడులు దాటిపోయెడిది. ఆమె సునాయాసముగా గెలిచెను. ముల్లు ఇటునుండి అటు ఒరిగినది. సైగలతో ఆడి చూచిరి. అది దయ్యపు ఆట గాక మూగనాటకమయ్యెను. చివరకు పిల్లలే ఒక తీర్మానము చేసిరి. వేటగాండ్రు తమకు వచ్చిన భాషలో మాటలాడవచ్చును. ఆ భాష తెలియని దయ్యమునకు మూడు ఎత్తులకొకసారి ఒక అడుగు అదనము. దానిని గోడమీది నియమపత్రములో సీతయే తన దస్తూరిలో వ్రాసెను.

అది చక్కగా కుదిరెను. ఆ బాలిక నాలుగు శనివారములు వచ్చెను. గెలుపోటములు ఇంచుమించు సరిసమానముగా నుండెను. నాలుగవ శనివారమున మాత్రము ఆమె వరుసగా గెలువసాగెను. వేటగాండ్రు ఎడమకు పోవుదమనుకొన్న ఆమె కుడికి పోవును. వల పన్నిన చోటికి ఎన్నడును రాదు. అదనపు అడుగు ఎక్కువైనదేమో, తగ్గింతమా యని నేను ఆలోచించుచున్నాను. అప్పుడు పులిమాట పలికినవాడు మెల్లగా, "దయ్యము ఎక్కడున్నదో మనకెందుకురా, అయ్యవారి చెప్పులు ఎటు కిర్రుమనునో వినిన చాలదా?" అనెను, తెలుగున.

అందరికంటె ముందు నవ్వినది దయ్యము.

నలుగురును ఆమెవైపు తిరిగిరి. ఆమె చప్పున చేతితో నోరు మూసికొనెను. నేను చెప్పులు విడిచి గోడవార పెట్టి వచ్చి, "ఎన్నాళ్లనుండి తెలియుచున్నదమ్మా?" అని అడిగితిని, తమిళమున. ఆమె తల వంచుకొని, కాగితముపై తానున్న గడిని వ్రేలితో కప్పుచు, "రెండో శనివారం నుంచి" అనెను, తెలుగున.

సీత లేచిపోయి, గోడమీది పత్రములో తాను వ్రాసిన పంక్తిని కొట్టివేసెను.